నాణేనికి ఒక శాశ్వత నంబరు

1786లో నెల్లూరు దగ్గర ఒక రైతు రాళ్ళగుట్ట వాలులో చేను దున్నుతుంటే నాగలికి ఇటుక కట్టడం అడ్డం తగిలింది. తవ్వి చూస్తే చిన్న గుడి తాలూకు శిథిలాలు, వాటి కింద ఒక ముంత, ముంతలో బంగారు నాణేలు. లంకెబిందెల కథలు మనం చాలా విన్నాం కాని ఇది కథ కాదు. ఆ కాలంలో మద్రాసు గవర్నరుగా ఉన్న అలెగ్జాండర్ డేవిడ్సన్ 1787లో రాసిన ఒక ఉత్తరంలో ఈ సంగతి ఉంది. ‘ఏషియాటిక్ రీసెర్చెస్’ రెండో సంపుటం ఆ ఉత్తరాన్ని అచ్చువేసింది. నాణేలు రోమన్ చక్రవర్తులవి, క్రీస్తుశకం రెండో శతాబ్దానివి. రైతు వాటిని పాత బంగారం కింద అమ్మేశాడు. చాలావాటిని కొన్నవాళ్ళు కరిగించేసి ఉంటారని డేవిడ్సనే అంటాడు. ఆర్కాటు నవాబు కొడుకు అమీరుల్ ఉమరా ఎలాగో ముప్ఫైకి పైగా నాణేలను తిరిగి సంపాదించాడు. వాటిలో రెండింటిని ఏరుకునే అవకాశం డేవిడ్సన్‌కు దక్కింది. ఆయన హాడ్రియన్ చక్రవర్తి నాణెం ఒకటీ, ఫౌస్తినా రాణి నాణెం ఒకటీ తీసుకున్నాడు. కొన్ని నాణేలు చేతులు మారిన జాడ కూడా లేకుండా కొత్తగా ఉన్నాయట. కొన్ని అరిగిపోయి, చిల్లులు పడి ఉన్నాయట. వాటిని ఎవరో నగలుగా పెట్టుకున్నారన్నమాట.

ఈ ఉత్తరం చదివిన ఏ చరిత్రకారుడికైనా వెంటనే ప్రశ్నలు పుడతాయి. ముంతలో మొత్తం ఎన్ని నాణేలున్నాయి? ఏ చక్రవర్తివి ఎన్ని? అన్నిటికంటే కొత్తది ఏ ఏటిది? చిల్లులున్నవి పాత చక్రవర్తులవా, కొత్తవాళ్ళవా? నిక్షేపంలోని అతి కొత్త నాణెం ఏ ఏడు ముద్రించారో తెలిస్తే, ముంతను భూమిలో పెట్టింది అంతకు ముందు కాదని గట్టిగా చెప్పొచ్చు. అప్పుడు ఆ గుడి వయసు గురించీ, ఆ తీరంలో జరిగిన వ్యాపారం గురించీ ఒక ఆధారం దొరికేది. ఒక్క మనిషి ఒక్క పూట కూర్చుని జాబితా రాసి ఉంటే చాలు, ఇదంతా మనకు మిగిలేది.

ఆ జాబితా రాయడం గురించే ఈ అధ్యాయం. రెండు వేల ఏళ్ళ కిందటి రోమన్ నాణేలను ప్రపంచంలోని మ్యూజియంలూ, విశ్వవిద్యాలయాలూ, మామూలు సేకర్తలూ కలిసి ఇంటర్నెట్‌లో ఎలా నమోదు చేస్తున్నారో, ఆ నమోదు నుంచి చరిత్ర ఎలా బయటికి వస్తుందో చూద్దాం.

ముందు నాణెం ఎలా తయారయ్యేదో తెలియాలి. రోమన్ టంకశాలలో ప్రతి నాణేన్నీ చేత్తోనే కొట్టేవారు. కింద దిమ్మెలో బిగించిన అచ్చు ఒకటి, చేత్తో పట్టుకునే పై అచ్చు ఒకటి. కింది అచ్చులో సాధారణంగా చక్రవర్తి తల చెక్కి ఉంటుంది, అది బొమ్మ. పై అచ్చులో దేవతో, సైనికుడో, గుడో ఉంటుంది, అది బొరుసు. మధ్యలో లోహపు బిళ్ళ పెట్టి సుత్తితో ఒక దెబ్బ. రెండు అచ్చులూ చేత్తో చెక్కినవే కాబట్టి ఒకే బొమ్మను పది అచ్చుల మీద చెక్కితే పదీ పది రకాలుగా వస్తాయి. ఒకదానిలో ముక్కు కాస్త పొడవు, ఒకదానిలో అక్షరం కాస్త వంకర. అందువల్ల నాణెశాస్త్రంలో రెండు మెట్లున్నాయి. ఒకే చక్రవర్తి, ఒకే అక్షరాలు, ఒకే బొమ్మ, ఒకే లోహం, ఒకే టంకశాల అయితే అవన్నీ ఒక ‘రకం’. ఆ రకంలోనే ఒకే జత అచ్చుల నుంచి పుట్టినవి ఇంకా దగ్గరి బంధువులు. ఈ తేడా గుర్తుంచుకోండి, కాసేపట్లో అవసరమవుతుంది.

రోమన్ నాణెం అంచు చుట్టూ ఉండే అక్షరాలు మొదట చూసేవారికి అర్థంలేని వరసలా కనిపిస్తాయి. పదాలను కుదించి, మధ్య ఖాళీ వదలకుండా చెక్కారు. నిజానికి అవి బిరుదుల జాబితా. చక్రవర్తి ఎన్నిసార్లు కాన్సల్ అనే ఉన్నత పదవి తీసుకున్నాడు, ఏ జాతిని జయించి ఏ బిరుదు పొందాడు అన్నీ అక్కడే ఉంటాయి. ట్రాజన్ చక్రవర్తి నాణెం తీసుకుందాం. అక్షరాల్లో ‘డాక్’ ఉంటే ఆయన డేసియన్లపై గెలిచాక వేసింది, అంటే 102 చివరి తర్వాతిది. ‘కాస్’ పక్కన ఐదు అంకె ఉంటే 103కూ 111కూ మధ్యది. ఎందుకంటే ఆయన ఐదోసారి కాన్సల్ అయింది 103లో, ఆరోసారి 112లో. మన చేతికి దొరికిన చిన్న వెండి బిళ్ళ తన పుట్టిన కాలాన్ని తొమ్మిదేళ్ళ గడువులో తానే చెబుతోంది. ప్రాచీన భారతంలోని ఎన్నో శాసనాలకు ఇంత కచ్చితమైన కాలం తేల్చలేక పండితులు తలలు పట్టుకుంటారు. అందుకే మన తీరాన తవ్వకాల్లో ఒక్క రోమన్ నాణెం కనిపించినా పురావస్తువేత్త ముఖం వెలుగుతుంది.

అక్షరాలు పూర్తిగా అరిగిపోయినా దారి ఉంది. నాలుగో శతాబ్దపు కంచు నాణేలు బ్రిటన్‌లో, ఫ్రాన్సులో లెక్కలేనన్ని దొరుకుతాయి. కాన్‌స్టంటైన్ చక్రవర్తి కుటుంబం వేసిన ఒక రకంలో బొరుసు మీద ఇద్దరు సైనికులు నిలబడి ఉంటారు, వాళ్ళ మధ్య సైనిక ధ్వజాలుంటాయి. 330 నుంచి 335 వరకు ధ్వజాలు రెండు. తర్వాత నాణెం చిన్నదైంది, బొమ్మకు చోటు చాలక ధ్వజం ఒకటే అయింది. చక్రవర్తి ముఖం చెరిగిపోయినా, పేరు పోయినా, ధ్వజం ఒకటా రెండా అన్నది మసకగా కనిపిస్తే చాలు, కాలం తేలిపోతుంది. నమోదు చేసేవాళ్ళ నేర్పు ఇలాంటి చిన్న గుర్తుల్లోనే ఉంది. బ్రిటన్‌లో రిచర్డ్ రీస్ అనే పండితుడు రోమన్ నాణేల కాలాన్ని 21 ఖండాలుగా విభజించాడు. ఏ నాణెమో పూర్తిగా తేలకపోయినా ఏ ఖండానిదో చెప్పగలిగితే లెక్కలోకి వస్తుంది. సగం తెలిసిన నాణేన్ని పారేయకుండా, తెలిసినంతవరకే రాసిపెట్టుకునే ఈ పద్ధతి నాకు ఎంతో నచ్చింది. తెలియనిదాన్ని ఊహతో నింపకుండా ‘ఇంతవరకు కచ్చితం, ఇక్కణ్ణుంచి అనుమానం’ అని గీత గీయడం మంచి విజ్ఞానశాస్త్రానికి మొదటి లక్షణం.

ఇక పుస్తకాల సంగతి. పందొమ్మిదో శతాబ్దంలో హెన్రీ కోహెన్ అనే ఫ్రెంచి పండితుడు రోమన్ సామ్రాజ్య నాణేలన్నిటికీ సంపుటాలకు సంపుటాలు రాశాడు. ఒక్కో చక్రవర్తి కింద బొరుసు మీది అక్షరాలను అకారాది వరసలో పెట్టి నంబర్లిచ్చాడు. సేకర్తలకు వెతుక్కోవడం సులువు. చరిత్రకారులకు మాత్రం ఇబ్బంది, ఎందుకంటే ఒకే ఏడు ఒకే టంకశాలలో పుట్టిన నాణేలు పుస్తకం నిండా చెదిరిపోయి ఉంటాయి. 1923లో హెరాల్డ్ మాటింగ్లీ, ఎడ్వర్డ్ సిడెన్‌హామ్ కలిసి ‘రోమన్ ఇంపీరియల్ కాయినేజ్’ మొదటి సంపుటం తెచ్చారు. దాన్నే పండితులు పొట్టిగా ఆర్‌ఐసి అంటారు. ఇందులో టంకశాల, కాలం ప్రకారం వరస. పదో సంపుటం 1994లో వచ్చింది. అంటే ఏడు దశాబ్దాల పని, ఒకరు మొదలుపెడితే తర్వాతి తరాలు ముగించాయి. ఈలోగా మొదటి సంపుటమే పాతబడిపోయి 1984లో సదర్లండ్ చేతుల మీదుగా కొత్త కూర్పు వచ్చింది. అందులో పాత నంబర్లు మారిపోయాయి.

ఇక్కడే చిక్కు మొదలైంది. బెర్లిన్ మ్యూజియం చీటీ మీద కోహెన్ నంబరు, లండన్ చీటీ మీద బ్రిటిష్ మ్యూజియం సొంత నంబరు, ఒక తవ్వకాల నివేదికలో పాత ఆర్‌ఐసి నంబరు, ఇంకో నివేదికలో కొత్తది. నాలుగూ ఒకే రకం నాణెం. మనిషి కూర్చుని పోల్చితే తెలుస్తుంది, కంప్యూటర్‌కు తెలియదు. మన ఊళ్ళో ఒకే పొలాన్ని ఒకరు చెరువుకింది మడి అంటారు, ఒకరు రావిచెట్టు చేను అంటారు, కొన్నవాడు ఇంకో పేరు పెడతాడు. రెవెన్యూ రికార్డులో సర్వే నంబరు ఒక్కటే ఉంటుంది కాబట్టి తగాదా తీరుతుంది. నాణేలకు అలాంటి సర్వే నంబరు కావాలి.

2010లో ఆండ్రూ మెడోస్, సెబాస్టియన్ హీత్ అనే ఇద్దరు ‘నోమిస్మా’ అనే పథకం మొదలుపెట్టారు. దీని ఆలోచన చాలా తేలికైనది. నాణెశాస్త్రంలో వాడే ప్రతి భావనకూ ఇంటర్నెట్‌లో ఒక శాశ్వతమైన చిరునామా ఇవ్వాలి. దెనారియస్ అనే వెండి నాణేనికి ఒకటి, రోము టంకశాలకు ఒకటి, హాడ్రియన్‌కు ఒకటి, వెండి లోహానికి ఒకటి. ఆ చిరునామా ఇక మారదు. జర్మన్ మ్యూజియం తన భాషలో రాసుకోవచ్చు, ఫ్రెంచి మ్యూజియం తన భాషలో రాసుకోవచ్చు, లోపల మాత్రం అందరూ అదే చిరునామాను వాడతారు. ఎవరి సమాచారం వాళ్ళ దగ్గరే ఉంటుంది, ఒకరి పెత్తనం ఇంకొకరి మీద ఉండదు, అయినా అన్నీ ఒకదానితో ఒకటి కలుస్తాయి.

ఈ పునాది మీద 2012లో న్యూయార్క్‌లోని అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ, న్యూయార్క్ విశ్వవిద్యాలయంలోని ప్రాచీన ప్రపంచ అధ్యయన సంస్థ కలిసి రోమన్ సామ్రాజ్య నాణేల ఆన్‌లైన్ సూచీ ప్రారంభించాయి. ఇంగ్లిషు పేరులోని మొదటి అక్షరాలతో దాన్ని ఓసీఆర్‌ఈ అంటారు. ఆర్‌ఐసి పది సంపుటాల్లోని సమాచారమే దానికి వెన్నెముక. క్రీస్తుపూర్వం 31లో అగస్టస్ దగ్గర మొదలై క్రీస్తుశకం 491లో జీనో చక్రవర్తి మరణం దాకా నలభై వేలకు పైగా రకాలు అందులో ఉన్నాయి. ప్రతి రకానికీ ఒక పేజీ. ఆ పేజీలో వివరణ, కింద ఆ రకానికి చెందిన అసలు నాణేల ఫోటోలు. న్యూయార్క్‌వి, బెర్లిన్‌వి, లండన్‌వి పక్కపక్కనే. ఆ నాణేలు తమ తమ అల్మరాల్లోంచి కదలలేదు. ప్రతి మ్యూజియమూ తన రికార్డులో ‘ఇది ఫలానా రకం’ అని ఆ శాశ్వత చిరునామాను రాసింది, అంతే. సమాచారమంతా ఎవరైనా ఉచితంగా దించుకుని వాడుకోవడానికి అనుమతి ఉంది. ఆర్‌ఐసి సంపుటాలన్నీ కొనాలంటే మామూలు కాలేజీ గ్రంథాలయానికి శక్తి చాలదు. ఇప్పుడు శ్రీకాకుళంలోని విద్యార్థి అయినా ఫోన్లో చూడగలడు. నా దృష్టిలో ఈ సూచీ చేసిన అతి పెద్ద మేలు ఇదే.

పండితుల సూచీలతో పాటు సేకర్తలు కట్టుకున్నవీ ఉన్నాయి. 2007లో మొదలైన ‘నుమిస్టా’లో ప్రపంచ నాణేలన్నిటితో పాటు రోమన్ నాణేలూ ఉన్నాయి. సభ్యులు కొత్త పేజీలు ప్రతిపాదిస్తారు, తప్పులు దిద్దుతారు, ఆ విభాగం చూసుకునే పెద్దలు పరీక్షించి ఒప్పుకుంటారు. ఇలాంటి చోట తప్పులు దొర్లవా అంటే దొర్లుతాయి. అయితే అచ్చు పుస్తకంలో తప్పు తర్వాతి ముద్రణ దాకా, ఒక్కోసారి అరవై ఏళ్ళ దాకా అలాగే ఉంటుంది. ఇక్కడ చూసినవాడు చూసిన రోజే చెప్పగలడు. ఎవరు, ఎప్పుడు, ఏ ఆధారంతో మార్చారో జాడ మిగిలినంతకాలం నలుగురు కలిసి చేసే పని ఒక్క పండితుడి పనికి తీసిపోదని నా నమ్మకం.

ఒక నాణేన్ని నమోదు చేయడమంటే ఏమేం రాయాలి? బరువు, గ్రాములో నూరో వంతు వరకు. వ్యాసం, మిల్లీమీటర్లలో. లోహం. రెండు వైపులా అక్షరాలు, ఉన్నవి ఉన్నట్టు, అరిగినచోట అరిగిందని గుర్తుతో. బొమ్మల వివరణ. అరుగుదల ఎంత. ఆ తర్వాత చాలామంది మరిచిపోయేది అచ్చుల దిశ. బొమ్మను నిటారుగా పట్టుకుని నాణేన్ని పక్కకు తిప్పితే బొరుసు కూడా నిటారుగా ఉందా, తలకిందులైందా, పక్కకు వాలిందా? దాన్ని గడియారం ముల్లు లెక్కలో రాస్తారు. నిటారైతే పన్నెండు, తలకిందులైతే ఆరు. కొన్ని టంకశాలలు ఏదో ఒక పద్ధతి పాటించేవి. అందుకే ఇంత చిన్న అంకె కూడా ఒక్కోసారి నకిలీని పట్టిస్తుంది. చివరగా, అన్నిటికంటే విలువైనది: ఎక్కడ దొరికింది, దేనితో పాటు దొరికింది.

నకిలీల మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి చెప్పాలి. అసలు నాణెం నుంచి మూస తీసి, ఆ మూసలో లోహం పోసి నకిలీలు చేసేవాళ్ళున్నారు. ఒకే జత అచ్చులతో కొట్టిన రెండు అసలు నాణేల్లో బొమ్మ ఒకటే అయినా బిళ్ళ అంచు, గీతలు, సొట్టలు వేరువేరుగా ఉంటాయి. దెబ్బ పడిన తీరు ప్రతిసారీ మారుతుంది కదా. రెండు నాణేల మీద అవే గీతలు, అదే సొట్ట, అదే అంచు కనిపిస్తే రెండూ అసలువి కావడానికి వీల్లేదు. ఒకటి పారిస్‌లో, ఒకటి చికాగోలో అమ్ముడైతే పూర్వం ఈ సంగతి ఎవరికీ తెలిసేది కాదు. ఫోటోలు ఒకచోట చేరాక పక్కపక్కన పెట్టి చూడడం ఎవరికైనా సాధ్యమైంది.

ఇప్పుడు అచ్చుల లెక్కకు వద్దాం. ఇందులో గణితం ఉంది, అయినా భయపడక్కర్లేదు. రోమన్ ప్రభుత్వం ఒక ఏడు ఎంత వెండిని నాణేలుగా మార్చిందో చెప్పే లెక్కల పుస్తకం ఏదీ మిగల్లేదు. తెలుసుకునే దారి అచ్చులను లెక్కించడమే. ఎక్కువ అచ్చులు చెక్కించారంటే ఎక్కువ నాణేలు కొట్టారన్నమాట. అయితే అన్ని అచ్చుల నాణేలూ మనదాకా రాలేదు. కనిపించని అచ్చుల్ని ఎలా లెక్కిస్తాం?

ఒక రకానికి చెందిన 200 నాణేల ఫోటోలు మన ముందున్నాయనుకుందాం. ఏ నాణెం ఏ అచ్చుదో విడదీశాం. కొన్ని అచ్చుల నుంచి పది పదిహేను నాణేలున్నాయి, కొన్నిటి నుంచి మూడో నాలుగో. ఒకే ఒక్క నాణెం మిగిల్చిన అచ్చులు 20 ఉన్నాయి. ఈ 20ని 200తో భాగిస్తే పదో వంతు. అంటే రేపు ఇదే రకం నాణెం ఇంకొకటి దొరికితే, అది మనం ఇంతవరకు చూడని అచ్చుది కావడానికి సుమారు పదింట ఒక వంతు అవకాశం ఉంది. మనకు తెలిసిన అచ్చులు ఆనాటి ఉత్పత్తిలో దాదాపు నూటికి తొంభై వంతులకు ప్రతినిధులన్నమాట. ఒంటరివాటి సంఖ్యను చూసి కనిపించని వాటిని అంచనా వేసే ఈ ఉపాయం రెండో ప్రపంచయుద్ధ కాలంలో రహస్య సంకేతాలు విప్పిన అలన్ ట్యూరింగ్‌ది. ఆయన సహచరుడు గుడ్ దాన్ని 1953లో ప్రచురించాడు. శత్రువు సంకేతాల కోసం పుట్టిన గణితం రోమన్ టంకశాల లెక్కలు చెప్పడానికి పనికొచ్చింది.

ఈ లెక్కకు ఒకే రకం నాణేలు వందల్లో కావాలి. ఏ ఒక్క మ్యూజియంలోనూ అన్ని ఉండవు. రిచర్డ్ షేఫర్ అనే సేకర్త రోమన్ గణతంత్ర కాలపు నాణేల బొమ్మలను వేలం జాబితాల నుంచి దశాబ్దాల పాటు సేకరించి, అచ్చుల వారీగా అమర్చాడు. లక్షల సంఖ్యలో ఉన్న ఆ బొమ్మలు ఇప్పుడు అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ ద్వారా అందరికీ అందుబాటులోకి వచ్చాయి. విశ్వవిద్యాలయ పదవి లేని ఒక మనిషి ఓపిక ఎంత పెద్ద శాస్త్రానికి ముడిసరుకు అయిందో చూడండి.

నమోదు సరిగ్గా జరిగితే ఏం తెలుస్తుందో చెప్పడానికి ఇంగ్లండులోని ఫ్రోమ్ నిక్షేపం కంటే మంచి ఉదాహరణ లేదు. 2010 ఏప్రిల్‌లో లోహాన్ని పసిగట్టే యంత్రంతో పొలంలో వెతుకుతున్న ఒక మనిషికి కుండ మూతి తగిలింది. ఆయన కుండను బయటికి లాగలేదు. గుంత పూడ్చి పురావస్తు అధికారులకు కబురు పెట్టాడు. అప్పటికి ఆ దేశంలో 1996 నాటి నిధుల చట్టమూ, దానికి తోడు చిన్న చిన్న వస్తువుల్నీ స్వచ్ఛందంగా నమోదు చేయించే ప్రభుత్వ పథకమూ ఉన్నాయి. ఈనాటికి ఆ పథకం ఆన్‌లైన్ రికార్డులో పదిహేను లక్షలకు పైగా వస్తువులు చేరాయి. నిపుణులు వచ్చి కుండలోని నాణేలను పొరలు పొరలుగా తీసి ఏ పొరవి ఆ పొరగా లెక్కపెట్టారు. మొత్తం 52,503 నాణేలు, బరువు సుమారు 160 కిలోలు.

పొరల లెక్క ఎందుకు? కుండలో అన్నిటికంటే కొత్తవి కరాసియస్ అనే పాలకుడివి, మూడో శతాబ్దం చివరివి. ఎవరైనా ఏళ్ళ తరబడి డబ్బు దాచుకుంటూ వస్తే కొత్తవి పైన ఉండాలి. ఇక్కడ ఆ కొత్తవాటిలో ఎక్కువ భాగం కుండ సగానికి దిగువన ఉన్నాయి. అంటే అంతా ఒకేసారి తెచ్చి పోశారు. 160 కిలోల బరువును ఆ పలచటి కుండ మోయలేదు కాబట్టి ముందు ఖాళీ కుండను గుంతలో దించి తర్వాతే నింపి ఉండాలి. మళ్ళీ తీసుకునే ఉద్దేశంతో దాచిన సొమ్మా, లేక దేవతలకు సమర్పించిన కానుకా అన్న చర్చ అక్కణ్ణుంచి పుట్టింది. ఎవరో ఒకరు కుండను బోర్లించి ఉంటే ఈ చర్చకు ఆధారమే ఉండేది కాదు. నాణేలు మాత్రం అన్నీ ఉండేవి!

మన నేలకు తిరిగొద్దాం. తెలంగాణలో నల్గొండ జిల్లా అక్కన్‌పల్లిలో పదిహేను వందలకు పైగా రోమన్ వెండి దెనారియస్‌లు ఒకేచోట దొరికాయి. పరమేశ్వరీలాల్ గుప్తా వాటితో పాటు రాష్ట్రంలో దొరికిన మిగిలిన రోమన్ నాణేలనూ పరిశీలించి రాసిన పుస్తకాన్ని 1965లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ మ్యూజియం ప్రచురణల వరసలో వేశారు. అక్కన్‌పల్లి నాణేల్లో అధిక భాగం అగస్టస్, టైబీరియస్‌లవి. అందులోనూ రెండే రకాలు మళ్ళీ మళ్ళీ వస్తాయి. ఒకటి అగస్టస్ దత్తపుత్రులు గైయస్, లూసియస్ డాళ్ళతో ఈటెలతో నిలబడ్డది. ఆన్‌లైన్ సూచీలో దాని చిరునామా చివర అగస్టస్ 207 అని ఉంటుంది. రెండోది టైబీరియస్ తల, బొరుసు మీద కూర్చున్న స్త్రీమూర్తి, చివర టైబీరియస్ 26, 28, 30 అనే అంకెలతో దగ్గరి దగ్గరి రూపాలు. ఈ రెండు రకాలూ దక్షిణ భారతంలో దొరికిన నిక్షేపాల్లో తరచుగా తగులుతుంటాయి.

ఎందుకు ఇవే? చాలామంది చెప్పే కారణం నీరో చక్రవర్తిది. క్రీస్తుశకం 64లో ఆయన దెనారియస్ బరువు తగ్గించాడు. అంతకుముందు ఒక రోమన్ పౌను వెండికి 84 నాణేలు కొట్టేవారు, ఆయన 96 చేశాడు. వెండిలో రాగి పాలు కూడా పెంచాడు. దాదాపు స్వచ్ఛంగా ఉన్న నాణెం నూటికి సుమారు ఎనభై వంతుల వెండికి దిగింది. మన వర్తకులు నాణేన్ని ముఖం చూసి తీసుకోలేదు, తూచి, గీసి తీసుకున్నారు. రాగి కలిసిన కొత్త దెనారియస్‌ను కాదని పాతవాటినే అడిగి ఉంటారు. ఎందరో చక్రవర్తుల నాణేలు ఒకే బరువుతో ఉండటం చూసి సింహళ రాజు రోమన్ల నిజాయితీని మెచ్చుకున్నాడని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. అంటే అక్కడా మొదట తూచే చూశారు.

ఈ వివరణ బాగుంది. అయినా దీన్ని పరీక్షించాలంటే ప్రతి నిక్షేపంలో ఏ రకాలు ఎన్ని ఉన్నాయో, ఎంత అరిగాయో కావాలి. అరగని నాణేలైతే టైబీరియస్ కాలంలోనే వచ్చి ఉండొచ్చు. బాగా అరిగితే రోమన్ బజార్లలో దశాబ్దాలు తిరిగి నీరో తర్వాతే వచ్చి ఉండొచ్చు. ఈ ఒక్క అంశం మీద వ్యాపారం ఎప్పుడు ఊపందుకుందన్న కథ మొత్తం మారిపోతుంది.

ఇక్కడ అంతర్జాతీయ సూచీల లోటు ఒకటి చెప్పక తప్పదు. అవి ‘రకం’ చుట్టూ కట్టినవి. మన దేశానికి చేరిన తర్వాత నాణేనికి జరిగినదంతా రకానికి వెలుపలిది. 1898లో తమిళనాడు పుదుక్కోట్టై దగ్గర దొరికిన 501 బంగారు నాణేల్లో చాలావాటి మీద చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఉలి గాటు ఉంది. ఇంకా ఎన్నో నాణేలకు చిల్లులు, కొంకెలు, చిన్న చిన్న ముద్రగుర్తులు. రోమన్ నాణేల్ని చూసి మనవాళ్ళే కొట్టిన అనుకరణలు ఉన్నాయి, వాటి అక్షరాలు అక్షరాల్లా ఉండవు, వట్టి గీతల్లా ఉంటాయి. ఐరోపా సేకర్తకు గాటు పడిన నాణెం పాడైపోయిన నాణెం. మనకు ఆ గాటే సాక్ష్యం. ఎవరు, ఎందుకు కొట్టారు, ఏ చక్రవర్తి నుంచి మొదలై ఏ చక్రవర్తి దగ్గర ఆగింది అన్నవి మన చరిత్ర ప్రశ్నలు. వాటిని వేరే అరలో నమోదు చేయకపోతే, న్యూయార్క్ సూచీలో అక్కన్‌పల్లి నాణేనికీ ఫ్రాన్సులో దొరికిన నాణేనికీ తేడా కనిపించదు.

ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో రోమన్ నిక్షేపాల కోసమే ప్రత్యేకంగా నడుస్తున్న పథకం ఈ లోటును కొంత పూరిస్తోంది. అందులో నాణెం కంటే ముందు నిక్షేపానికి చోటిచ్చారు. ఎక్కడ, ఎప్పుడు, ఏ పాత్రలో, దేని పక్కన దొరికింది అన్నవి మొదటి ప్రశ్నలు. అయితే ఎవరెంత కష్టపడినా అక్కడికి వెళ్ళేది చాలావరకు అచ్చయిన సమాచారమే. గుంటూరు ప్రాంతంలో వినుకొండ దగ్గర దొరికిన బంగారు నాణేల్లాంటివాటి వివరాలు రాబర్ట్ స్యూవెల్ 1904లో రాసిన వ్యాసంలో ఉన్నాయి. నూటఇరవై ఏళ్ళ కిందటి ఆ జాబితా మీదే ఇంకా ఆధారపడటం మంచిది కాదు. నాణేలు ఎక్కడున్నా ప్రతిదానికీ రెండు వైపులా ఫోటో, బరువు, అచ్చుల దిశ, గాట్లు కావాలి.

దొరికిన చోటును అందరికీ చూపడంలో ప్రమాదమూ ఉంది. కచ్చితమైన స్థలం బయటపెడితే రాత్రికి రాత్రి తవ్వుకుపోయేవాళ్ళు వస్తారు. పైన చెప్పిన బ్రిటిష్ నమోదు పథకం ప్రజలకు చూపే రికార్డులో స్థలాన్ని సుమారుగానే చూపుతుంది, పరిశోధకులకు మాత్రం పూర్తి వివరం ఇస్తుంది. మనమూ అలాగే చేయొచ్చు. వేలాల్లో అమ్ముడయ్యే నాణేల్లో చాలావాటికి దొరికిన చోటే ఉండదు. అవి అచ్చుల లెక్కకు పనికొస్తాయి, వ్యాపారం ఏ దారిన నడిచిందో చెప్పడానికి పనికిరావు. దొంగతవ్వకం చేసినవాడు ఎత్తుకుపోయేది లోహాన్నే కాదు, ఆ దారిని కూడా.

ఇక పాఠకులకు ఒక మనవి. మన దేశంలో 1878 నాటి నిధుల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. పది రూపాయల విలువ మించిన నిధి ఏది భూమిలో దొరికినా కలెక్టరుకు తెలియజేయాలని అది చెబుతుంది. ఇంటి పునాదిలోనో, చెరువు పూడికలోనో పాత నాణేలు కనిపిస్తే చింతపండుతో తోమకండి, తోమితే అరుగుదల లెక్క, పైపొర రెండూ పోతాయి. ఒకదాన్నొకటి విడదీయకండి, పంచుకోకండి. పాత్రను ఉన్నచోటే ఉంచి ఫోటో తీయండి, పక్కనున్న పెంకులూ ఇటుకలూ కూడా ఫోటోలో పడేలా చూడండి. ఆ తర్వాత తహశీల్దారుకో పురావస్తు శాఖకో చెప్పండి. నాణెశాస్త్రం మీద ఆసక్తి ఉన్న విద్యార్థులు ఓసీఆర్‌ఈ తెరిచి అగస్టస్ 207తో మొదలుపెట్టవచ్చు. ఆ పేజీలోని ఫోటోలను పక్కపక్కన పెట్టి ఏ రెండు ఒకే అచ్చువో వెతకండి. దానికి డిగ్రీ అక్కర్లేదు, మంచి చూపు, ఓపిక ఉంటే చాలు.